ఎస్టోనియా వయసు ఎంత?

ఏటా ఫిబ్రవరి 24న తెల్లవారుజామునే ఎస్టోనియా రాజధాని తాలిన్ నగరంలోని తూంపేయా గుట్ట మీద జనం మూగుతారు. చలికాలం ఇంకా పోయి ఉండదు. అక్కడి పాత కోటలో పిక్ హెర్మన్ అనే బురుజు ఉంది. సరిగ్గా సూర్యోదయ వేళకు దాని మీద నీలం, నలుపు, తెలుపు చారల జెండా ఎగురుతుంది. అది ఎస్టోనియా స్వాతంత్ర్య దినం, 1918 నాటి ప్రకటనకు గుర్తు. ఆగస్టు 20న ఇంకో సెలవు ఉంది. 1991 నాటి ఆ రోజుకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘స్వాతంత్ర్య పునరుద్ధరణ దినం’. 2018లో నూరేళ్ల పండుగ ఘనంగా చేసుకున్నారు. ఆ నూరేళ్లలో దాదాపు సగం కాలం ప్రపంచ పటంలో ఆ దేశమే లేదు.

సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై పదిహేను కొత్త దేశాలు పుట్టాయని మనం బళ్లో చదువుకున్నాం. పరీక్షలో అలాగే రాశాం, మార్కులూ పడ్డాయి. ఎస్టోనియా వాళ్లు మాత్రం ఈ లెక్క ఒప్పుకోరు. తమది 1918లో పుట్టిన దేశమని, 1940లో పొరుగువాడు ఆక్రమించుకున్నాడని, 1991లో అదే దేశం తిరిగి లేచి కూర్చుందని వాళ్ల వాదన. వాళ్ల చట్టాలన్నీ ఈ వాదన మీదే నిలబడి ఉన్నాయి.

బయటివాళ్లకు ఇది చాదస్తంలా కనిపించవచ్చు. కానీ ఆ దేశంలో ఎవరు పౌరులు, ఏ ఇల్లు ఎవరిది, రష్యాతో హద్దు ఎక్కడ, కొత్త కరెన్సీ వెనక బంగారం ఎక్కడిది, చివరికి ప్రభుత్వ కంప్యూటర్లలోని రికార్డులకు నకళ్లు ఏ దేశంలో దాచాలి అన్నవన్నీ ఈ పట్టింపు దగ్గరే తేలాయి. ఎస్టోనియా గురించి మనకు వినపడేది ఎక్కువగా డిజిటల్ పరిపాలన సంగతే. ముచ్చటైన కథే గానీ, అక్కణ్నుంచి మొదలుపెడితే మిగతాదంతా చిక్కుముడిలా ఉంటుంది. వయసు దగ్గర మొదలుపెడదాం.

ఇంట్లో, ఇంట్లోంచి, ఇంట్లోకి

బాల్టిక్ సముద్రం ఒడ్డున, ఫిన్లాండ్‌కు దక్షిణాన, రష్యాకు పడమటి అంచున ఉంది ఈ దేశం. విస్తీర్ణం సుమారు 45 వేల చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కూడా ఉండదు. జనాభా 13 లక్షల 70 వేల చిల్లర. ఒక్క విశాఖపట్నంలోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఎస్టోనియన్ మాతృభాషగా ఉన్నవాళ్లను లెక్కేస్తే అక్కడ తొమ్మిది లక్షల దరిదాపు.

ఆ భాషకు ఇరుగుపొరుగుతో చుట్టరికం తక్కువ. రష్యన్, లాట్వియన్, స్వీడిష్, జర్మన్ ఒక పెద్ద కుటుంబం. ఎస్టోనియన్ ఆ కుటుంబంలోది కాదు. ఫిన్నిష్‌కు చెల్లెలు, హంగేరియన్‌కు దూరపు బంధువు. మాటకు ప్రత్యయాలు అతికించుకుంటూ పోయే దాని తీరు మనకు కొత్తగా అనిపించదు. ‘మయ’ అంటే ఇల్లు. ‘మయస్’ అంటే ఇంట్లో, ‘మయస్త్’ అంటే ఇంట్లోంచి, ‘మయస్సె’ అంటే ఇంట్లోకి. ఇలాంటి విభక్తులు పద్నాలుగు. ఆయన, ఆమె అనే తేడా సర్వనామంలో లేదు. భవిష్యత్తుకు వేరే క్రియారూపమూ లేదు. మనం ‘వెళ్తాను’ అన్నప్పుడు రోజూ వెళ్లడమా, రేపు వెళ్లడమా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది కదా, అక్కడా అంతే. ఇంగ్లీషు వాళ్లు ఈ వ్యాకరణం చూసి బెంబేలెత్తుతారు గానీ, తెలుగువాడు అంత కంగారు పడక్కర్లేదు.

ఏడు వందల ఏళ్ల పాటు అది పాలేర్ల భాష. డెన్మార్క్ రాజులు, జర్మన్ క్రైస్తవ యోధులు, స్వీడన్ రాజులు, 18వ శతాబ్దం నుంచి రష్యా జార్లు, ఇలా ఏలికలు మారుతూ వచ్చారు. భూములు మాత్రం ఎక్కువగా జర్మన్ దొరల చేతుల్లోనే ఉండిపోయాయి. 19వ శతాబ్దం మొదట్లో వెట్టి రద్దయింది. ఆ తరవాతి రెండు తరాల్లో చదువు, పత్రికలు, సంగీత సంఘాలు వచ్చాయి. 1869లో తార్తు పట్టణంలో తొలి గానోత్సవం జరిగింది. ఊరూరి బృందగాన సంఘాల నుంచి ఎనిమిది వందల పైచిలుకు గాయకులు, అందరూ మగవాళ్లే, ఒకచోట చేరి పాడారు. రాజ్యం రావడానికి యాభై ఏళ్ల ముందే జాతి తయారైంది, అదీ పాట చుట్టూ. ఈ సంగతి మళ్లీ అక్కరకొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

1918 ఫిబ్రవరిలో రష్యా సైన్యాలు వెనక్కి పోతున్నాయి, జర్మన్ సైన్యాలు ఇంకా తాలిన్ చేరలేదు. ఆ ఒక్కరోజు సందులో స్వాతంత్ర్యం ప్రకటించారు. మర్నాడే జర్మన్లు దిగారు. జర్మనీ ఓడిపోయి వెళ్లాక బోల్షివిక్ సైన్యం వచ్చింది. ఏడాది పైగా పోరాడి గెలిచి 1920 ఫిబ్రవరి 2న తార్తు శాంతి ఒప్పందం రాయించుకున్నారు. ఎస్టోనియా నేల మీద తన హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నట్టు సోవియట్ రష్యా అందులో సంతకం పెట్టింది. ఎస్టోనియా వాళ్లు ఆ కాగితాన్ని తమ పుట్టిన తేదీ సర్టిఫికెట్‌గా చూస్తారు.

ఆ శాశ్వతం ఇరవై ఏళ్లు నిలిచింది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్‌ల మంత్రులు చేసుకున్న రహస్య ఒప్పందంలో ఎస్టోనియా స్టాలిన్ వాటాకు వచ్చింది. 1940 వేసవిలో ఎర్రసైన్యం దిగింది, ఒకే జాబితాతో ఎన్నికలు జరిగాయి, ఆగస్టుకల్లా విలీనం పూర్తయింది. 1941 జూన్‌లో ఒక్క విడతలో దాదాపు పదివేల మందిని పశువుల పెట్టెల్లో సైబీరియాకు తోలారు. తరవాత మూడేళ్లు జర్మన్ ఆక్రమణ, మళ్లీ సోవియట్. 1949 మార్చిలో ఇంకో ఇరవై వేల పైచిలుకు మందిని పంపారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అలా సైబీరియా చేరిన ఒక ఆర్నెల్ల పసిబిడ్డ పెద్దయి కన్న కూతురే కయా కల్లాస్. ఎస్టోనియా ప్రధానమంత్రిగా చేసి, 2024 డిసెంబరు నుంచి ఐరోపా యూనియన్ విదేశాంగ విధానానికి అధిపతిగా ఉన్నది ఆమే. రష్యా గురించి ఆమె గొంతు ఎందుకంత కరుగ్గా ఉంటుందో తెలుసుకోవడానికి వేరే విశ్లేషణ అక్కర్లేదు.

అటు పంపడంతో పాటు ఇటు తేవడమూ జరిగింది. ఫ్యాక్టరీలకు, గనులకు, సైనిక స్థావరాలకు రష్యా నుంచి, ఇతర సోవియట్ ప్రాంతాల నుంచి లక్షల మంది వచ్చి స్థిరపడ్డారు. 1934లో జనాభాలో 88 శాతంగా ఉన్న ఎస్టోనియన్లు 1989కి 61.5 శాతానికి పడిపోయారు. ఇంకో రెండు తరాలు ఇలాగే సాగితే తమ దేశంలో తామే మైనారిటీ అవుతామన్న భయం అప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేది. 1987లో మాస్కో పెద్దలు ఫాస్ఫేటు గనులు తవ్వుతామన్నప్పుడు జనం తిరగబడడానికి నీళ్లు పాడవుతాయన్న బెంగ ఒక కారణమైతే, ఆ గనుల కోసం ఇంకెన్ని వేల మందిని దింపుతారోనన్న బెంగ రెండోది. స్వాతంత్ర్య ఉద్యమం రాజుకున్నది ఆ గొడవతోనే.

తాళం వేసిన ఇల్లు

ఇల్లు ఆక్రమించుకున్నవాడు యాభై ఏళ్లు అందులో కాపురం ఉన్నా దస్తావేజు అసలు యజమాని పేరు మీదే ఉంటే ఏమవుతుంది? ఎస్టోనియా కథ దాదాపు ఇదే.

1940 జులైలో అమెరికా ఈ విలీనాన్ని గుర్తించబోమని ప్రకటించి చివరిదాకా ఆ మాట మీద నిలబడింది. అందువల్ల న్యూయార్కులో ఎస్టోనియా కాన్సులేట్ మూతపడలేదు. దేశం లేదు గానీ దాని కార్యాలయం ఉంది, అందులో అధికారి ఉన్నాడు. ఎర్న్‌స్ట్ యాక్సోన్ అనే ఆయన యుద్ధానికి ముందు కొలువులో చేరి, 1965 నుంచి కాన్సల్ జనరల్‌గా లేని దేశం పేరు మీద పాస్‌పోర్టులు ఇస్తూ కూర్చున్నాడు. 1991లో దేశం తిరిగొచ్చేసరికి ఆయన ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ఆయన్నే అమెరికాకు రాయబారిగా వేశారు. ప్రవాసంలో ఒక ప్రభుత్వమూ నడిచింది. దాని అధిపతి 1992 అక్టోబరులో కొత్త అధ్యక్షుడు లెన్నార్ట్ మేరికి అధికారాన్ని లాంఛనంగా అప్పగించాడు. నాటకంలా కనిపించే ఈ తంతుకు న్యాయపరంగా విలువ ఉంది. గొలుసులో ఒక లంకె కూడా తెగలేదని చూపించడానికి అదొక సాక్ష్యం.

దేశం లోపల మాత్రం అందరూ ఒకే మాట మీద లేరు. ఎడ్గార్ సవిసార్ నాయకత్వంలోని ప్రజాకూటమి ఉన్న సోవియట్ వ్యవస్థలోంచే మెల్లగా బయటపడదామంది. అక్కడ నివసిస్తున్న అందరితో కలిసి కొత్త గణతంత్రం కట్టుకోవాలన్న ధోరణి అందులో బలంగా ఉండేది. దీనికి ఎదురుగా పౌర సంఘాలు లేచాయి. 1940కి ముందు పౌరులైనవాళ్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లు ఊరూరా రాసుకుని, వాళ్ల ఓట్లతో 1990లో ‘ఎస్టోనియా కాంగ్రెస్’ అనే సభను ఎన్నుకున్నారు. దేశం తిరిగి తీసుకునే హక్కు పాత పౌరులదేనని వాళ్ల పట్టు. 1991 ఆగస్టులో మాస్కోలో సైనిక కుట్ర మొదలైంది. ట్యాంకులు తాలిన్ వైపు కదిలాయి. ఆ రాత్రి రెండు పక్షాలూ రాజీకొచ్చాయి. ఆగస్టు 20 రాత్రి పదకొండు దాటాక చట్టసభ 69 ఓట్లతో ఆమోదించిన తీర్మానం స్వాతంత్ర్యాన్ని ‘ధ్రువీకరించింది’. కొత్తగా ప్రకటించినట్టు ఎక్కడా అనలేదు. రాజ్యాంగం రాసే సభకు చెరో ముప్ఫై మందిని పంపేలా కుదిరింది. చరిత్రంతా ‘ధ్రువీకరించింది’ అన్న ఒక క్రియాపదంలో ఇరికించడం అంటే ఇదే కాబోలు.

బూడిద రంగు పాస్‌పోర్టు

దస్తావేజు పాతదే అయినప్పుడు అందులో పేర్లు కూడా పాతవే ఉంటాయి. 1992లో పాత పౌరసత్వ చట్టాన్నే మళ్లీ అమల్లోకి తెచ్చారు. 1940కి ముందు పౌరులు, వాళ్ల సంతానం ఆటోమేటిగ్గా పౌరులయ్యారు, ఏ జాతివాళ్లయినా సరే. తరవాత వచ్చినవాళ్లు, అక్కడే పుట్టిన వాళ్ల పిల్లలు దరఖాస్తు పెట్టుకోవాలి, ఎస్టోనియన్ భాషలో పరీక్ష రాయాలి. రాత్రికి రాత్రి జనాభాలో సుమారు 32 శాతం మంది ఏ దేశపు పౌరులూ కాకుండా పోయారు. వాళ్లకు ఇచ్చిన ప్రయాణ పత్రం అట్ట బూడిద రంగులో ఉంటుంది. అందుకే జనం వాడుకలో అది ‘బూడిద పాస్‌పోర్టు’.

దీన్ని అన్యాయం అనాలా, ఆత్మరక్షణ అనాలా? రెండూ అనవచ్చని నా ఉద్దేశం. ఆక్రమణ కాలంలో వచ్చినవాళ్లకు గంపగుత్తగా ఓటిచ్చి ఉంటే 1990లలో ఎస్టోనియా అంత వేగంగా పడమర వైపు తిరిగేది కాదేమో. కానీ ఫ్యాక్టరీలో పని ఉందంటే రైలెక్కి వచ్చి, ముప్ఫై ఏళ్లు అక్కడే బతికి, పిల్లల్ని అక్కడే కన్న కార్మికురాలికి ఒక పొద్దున ‘నువ్వు ఇక్కడిదానివి కాదు’ అన్న కబురు ఎలా ఉంటుందో ఊహించండి. ఇప్పుడు బూడిద పాస్‌పోర్టు వాళ్లు సుమారు 60 వేలకు తగ్గారు. కొందరు పరీక్ష రాసి పౌరులయ్యారు, కొందరు రష్యా పౌరసత్వం తీసుకున్నారు, ముసలివాళ్లు పోయారు. 2016 నుంచి అలాంటి తల్లిదండ్రులకు పుట్టిన పిల్లలు పుట్టుకతోనే పౌరులు. ఇన్నాళ్లూ మార్చుకోనివాళ్లలో కొందరికి లెక్కలూ ఉన్నాయి. ఆ పాస్‌పోర్టుతో ఐరోపాలోకీ వీసా లేకుండా పోవచ్చు, రష్యాలోకీ పోవచ్చు.

ఈ వ్యవహారమంతా ఒకేచోట చూడాలంటే రష్యా హద్దు మీదున్న నార్వా పట్టణానికి వెళ్లాలి. యాభై వేల చిల్లర జనం. వాళ్లలో నూటికి తొంభై పైగా రష్యన్ మాట్లాడతారు. ఊరి చివర నది. ఇవతల ఒడ్డున హెర్మన్ కోట, అవతల ఒడ్డున రష్యాలోని ఇవాన్‌గొరొద్ కోట. మధ్యలో ఉన్న వంతెన పేరు ‘స్నేహం’. 1944లో యుద్ధంలో పాత ఊరు నేలమట్టమైంది. యుద్ధమయ్యాక పాత నివాసుల్ని తిరిగి రానివ్వలేదు, కొత్త కార్మికుల్ని తెచ్చి నింపారు. అక్కడి క్రీన్‌హోల్మ్ బట్టల మిల్లు 1857లో పెట్టినది. ఒకప్పుడు వేలమందికి అన్నం పెట్టింది, 2010లో మూతపడింది. దేశానికి కరెంటిచ్చే చమురు రాళ్ల గనులు, ఆ రాళ్లు మండించే విద్యుత్కేంద్రాలు ఉన్నది కూడా ఆ జిల్లాలోనే. వాతావరణ కాలుష్యం తగ్గించాలంటే ముందు పోయే ఉద్యోగాలు రష్యన్ మాట్లాడేవాళ్లవే. 1993లో నార్వా ఊరు స్వయంపాలన కోసం సొంతంగా ఓటింగ్ పెట్టుకుంటే కోర్టు చెల్లదంది. అప్పుడు రక్తం చిందకుండా గడిచిపోయింది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తాక పాత సర్దుబాట్లన్నీ కదిలాయి. అదే ఏడాది ఆగస్టులో నార్వా దారిలోని సోవియట్ ట్యాంకు స్మారకాన్ని ప్రభుత్వం తీసేసింది. నాజీల మీద సోవియట్ గెలుపుకు గుర్తుగా మే 9న విజయ దినం వస్తే అవతలి ఒడ్డున రష్యా పెద్ద తెర కట్టి ఇవతలివాళ్లకు వినపడేలా కచేరీ పెడుతుంది. ఇవతల కోట గోడ మీద పుతిన్‌ను యుద్ధనేరస్థుడంటూ బ్యానరు వేలాడుతుంది. 2024 సెప్టెంబరు నుంచి రష్యన్ మీడియం బళ్లను ఎస్టోనియన్‌లోకి మార్చడం మొదలైంది. ముందు శిశుతరగతులు, ఒకటి, నాలుగు తరగతులు. 2030కల్లా మొత్తం పూర్తి చేస్తారట. భాష వచ్చిన పంతుళ్లు నార్వాలో దొరకడమే కష్టంగా ఉంది. 2025 మార్చిలో రాజ్యాంగం సవరించారు. పౌరులు కానివాళ్లు కూడా అక్కడ స్థానిక ఎన్నికల్లో ఓటేసేవాళ్లు. ఇప్పుడు రష్యా, బెలారస్ పౌరులకు ఆ హక్కు పోయింది. బూడిద పాస్‌పోర్టు వాళ్లకు ఆ ఏడాది అక్టోబరు ఎన్నికలే ఆఖరు. సవరణకు పార్లమెంటులోని 101 మందిలో 93 మంది చేతులెత్తారు. భద్రత కోసం తప్పదని పాలకుల వాదన. ఏ రాజ్యం పట్ల విధేయత కోరుతున్నారో ఆ రాజ్యంలో చివరి గుమ్మం కూడా మూసేస్తే విధేయత ఎక్కణ్నుంచి మొలుస్తుందన్నది ఎదుటి ప్రశ్న. నాకైతే రెండో ప్రశ్నే ఎక్కువ బరువుగా తోస్తుంది.

ఇంటి రాజకీయాల్లో కూడా దీని నీడ ఉంది. సవిసార్ పెట్టిన సెంటర్ పార్టీ చాలాకాలం రష్యన్ మాట్లాడేవాళ్ల ఓట్లతో తాలిన్ నగరపాలన చేసింది. 2013లో నగరవాసులకు బస్సు, ట్రామ్ ఉచితం చేసింది ఆ పాలనలోనే. అదే పార్టీ పుతిన్ పార్టీతో 2004లో చేసుకున్న ఒప్పందాన్ని 2022లో యుద్ధం మొదలయ్యాక గానీ రద్దు చేసుకోలేదు. దేశస్థాయిలో చాలా ఏళ్లుగా ముందున్నది వ్యాపారాలకు అనుకూలమైన రిఫార్మ్ పార్టీ. 2023లో దానికి 37 సీట్లు వచ్చాయి. ఎవరికీ సొంత మెజారిటీ రాదు కాబట్టి సంకీర్ణాలే గతి. ఆ ఏడాది ఆగస్టులో కల్లాస్ భర్తకు వాటా ఉన్న రవాణా కంపెనీ రష్యాకు సరుకు చేరవేస్తోందన్న సంగతి బయటపడి ఆమె పరువు బాగా దెబ్బతింది. రష్యాతో వ్యాపారం మానండని ఊరందరికీ చెప్పిన నోరు కదా. 2024 జులైలో ఆమె దిగిపోయి క్రిస్టెన్ మిహల్ ప్రధాని అయ్యాడు.

ఎనిమిది క్రౌన్లు, ఒక మార్కు

డబ్బు సంగతిలోనూ పాత దస్తావేజే ఆదుకుంది. యుద్ధానికి ముందు ఎస్టోనియా బంగారాన్ని పశ్చిమ దేశాల బ్యాంకుల్లో దాచింది, 11 టన్నుల పైన. బ్రిటన్, స్వీడన్ లాంటి దేశాలు దాన్ని మధ్యలో సోవియట్‌తో లెక్కల్లో వాడేసుకున్నాయి. దేశం మళ్లీ లేచాక, ‘మేం ఆ పాత ఖాతాదారులమే’ అని వెళ్తే తిరిగి ఇచ్చాయి. కొత్త దేశమై ఉంటే అడగడానికే హక్కు లేదు.

ఆ బంగారం ఆసరాగా 1992 జూన్ 20న రూబుల్ వదిలేసి క్రౌన్ తెచ్చారు. ఒక్కో మనిషికి 1,500 రూబుళ్లు మార్చి 150 క్రౌన్లు చేతిలో పెట్టారు. ఎనిమిది క్రౌన్లకు ఒక జర్మన్ మార్కు, ఇది చట్టం. చేతిలో ఉన్న విదేశీ నిల్వ, బంగారం మేరకే నోట్లు అచ్చేయాలి. లోటు పూడ్చడానికి అచ్చు యంత్రం తిప్పే వీలు ప్రభుత్వానికి లేకుండా కేంద్ర బ్యాంకు తనంతట తానే చేతులు కట్టేసుకుంది. అప్పుడు ఆ బ్యాంకు అధిపతి సీమ్ కల్లాస్, కయా కల్లాస్ తండ్రి. ఆ ధర ఒక్కసారి కూడా మారలేదు. 2011 జనవరి 1న యూరోలోకి మారినప్పుడు ఒక యూరోకు 15.6466 క్రౌన్లు అన్నారే, లెక్కగట్టి చూస్తే అది ఎనిమిదికి ఒకటి అన్న పాత లెక్కే.

1992 ఎన్నికల తరవాత ప్రధాని అయిన మార్ట్ లార్‌కు అప్పటికి 32 ఏళ్లు. చదివింది చరిత్ర. సుంకాలు ఎత్తేశాడు, సబ్సిడీలు కోశాడు, ఫ్యాక్టరీలు అమ్మేశాడు. 1994లో అందరికీ ఒకే రేటు, 26 శాతం ఆదాయపు పన్ను పెట్టారు. ఐరోపాలో అదే మొదలు. 2000 నుంచి కంపెనీలు లాభాన్ని పంచుకుంటేనే పన్ను. వ్యాపారంలోనే తిరిగి పెట్టుకుంటే పైసా కట్టక్కర్లేదు. ఈ మందు పనిచేసిందనే చెప్పాలి. కానీ ఎవరికి చేదుగా ఉందో చెప్పకపోతే కథ సగమే. పాత యజమానులకు ఇళ్లు తిరిగి ఇచ్చేసినప్పుడు, సోవియట్ ప్రభుత్వం వాటిలో ఇచ్చిన ఫ్లాట్లలో ఏళ్లుగా ఉంటున్నవాళ్లు ఒక్కసారిగా పరాయివాడి ఇంట్లో అద్దెకున్నవాళ్లయ్యారు. వీళ్లకు ‘బలవంతపు అద్దెదారులు’ అని ఎస్టోనియన్‌లో ఒక ప్రత్యేకమైన మాటే పుట్టింది. పక్క వీధిలో ఉన్నవాడు ప్రభుత్వ ఫ్లాటును చవగ్గా సొంతం చేసుకుంటే, వీళ్లకు ఏమీ రాలేదు. అదృష్టం ఏ గుమ్మం ముందు నిలబడిందన్నదే తేడా.

2004లో నాటో, ఐరోపా యూనియన్ రెండింట్లోనూ చేరారు. స్వీడన్ బ్యాంకుల అప్పులు వరదలా వచ్చి రియల్ ఎస్టేట్ ఉబ్బింది. 2009లో ఆర్థిక వ్యవస్థ ఏడాదిలో 14 శాతానికి పైగా కుంగింది. క్రౌన్ విలువ తగ్గించమని సలహాలిచ్చినవాళ్లున్నారు. తగ్గించలేదు. బదులుగా జీతాలు కోశారు, చాలామంది ఫిన్లాండ్‌కు పనులకు పోయారు. ఆ తరవాత రెండేళ్లకు యూరో వచ్చింది. ఇదే కాలంలో ఇంకో పక్క మురికి పారుతోంది. డెన్మార్క్‌కు చెందిన డాన్స్‌కె బ్యాంకు తాలిన్ శాఖ గుండా 2007 నుంచి 2015 వరకు సుమారు 20 వేల కోట్ల యూరోల అనుమానాస్పద సొమ్ము, ఎక్కువగా రష్యా తదితర పాత సోవియట్ ప్రాంతాల నుంచి వచ్చింది, చేతులు మారింది. ఏటా ఆ దేశం సంపాదించే దానికి అది ఎన్నో రెట్లు. పారదర్శకతకు పేరుపడ్డ దేశం నడిబొడ్డున ఇంత జరిగింది.

ఇప్పుడు ఆ చవక పన్నుల రోజులు వెనకబడ్డాయి. యుద్ధంతో ఇంధనం ధరలు ఎగసి 2022లో ద్రవ్యోల్బణం 19 శాతం దాటింది. రక్షణ ఖర్చు జీడీపీలో 5 శాతం దాటించాలని నిర్ణయించారు. అది ఎక్కడో అక్కడ పిండాలి కదా. వ్యాట్ 20 నుంచి 22కి, 2025 జులై నుంచి 24 శాతానికి పెరిగింది. అప్పటిదాకా లేని కారు పన్ను వచ్చింది. ఆదాయపు పన్ను 22 శాతమైంది.

దేశానికి నకలు

1990లలో ఎస్టోనియా దగ్గర డబ్బు లేదు, పాత కంప్యూటర్లూ లేవు. మారుమూల పల్లెలో బ్యాంకు శాఖ, తహసీలు లాంటి కార్యాలయం నడిపే స్తోమత లేక ఇంటర్నెట్‌ను పట్టుకున్నారు. 1996లో బళ్లన్నిటికీ కంప్యూటర్లు చేర్చే ‘పులి గెంతు’ పథకం వచ్చింది. 2001లో ‘ఎక్స్-రోడ్’ అనే ఏర్పాటు, 2002లో గుర్తింపు కార్డు, 2005లో ఇంటర్నెట్ ఓటు. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఆన్‌లైన్లో పడ్డాయి. ఒకరు ఎన్నిసార్లయినా ఓటు మార్చుకోవచ్చు, ఆఖరిదే లెక్క. పక్కన నిలబడి బెదిరించి ఓటేయించినవాడు వెళ్లాక మళ్లీ వేసుకునే వీలు అన్నమాట.

ఎక్స్-రోడ్ అంటే పెద్ద గోదాములాంటి డేటాబేస్ అనుకుంటారు. గోదాము ఏదీ లేదు. ఆస్పత్రి రికార్డు ఆస్పత్రి దగ్గర, భూమి రికార్డు భూమి శాఖ దగ్గర ఉంటాయి. ఒకరికొకరు అడిగి తెలుసుకోవడానికి భద్రమైన దారి మాత్రమే ఉంది. ఒకసారి ఇచ్చిన వివరాన్ని ప్రభుత్వం రెండోసారి అడగకూడదన్నది నియమం. ఏటా అదే కులం సర్టిఫికెట్, అదే ఆదాయం సర్టిఫికెట్ పట్టుకుని క్యూలో నిలబడే మనకు ఈ ఒక్క నియమమే స్వర్గంలా కనిపిస్తుంది. తన వివరాలు ఏ అధికారి ఎప్పుడు చూశాడో పౌరుడు చూసుకోవచ్చు. కారణం లేకుండా తొంగిచూస్తే శిక్ష ఉంటుంది.

2007 ఏప్రిల్లో ఈ కథకు మలుపు వచ్చింది. తాలిన్ నడిబొడ్డునున్న సోవియట్ సైనికుడి కంచు విగ్రహాన్ని సైనిక శ్మశానానికి తరలించారు. రష్యన్ మాట్లాడేవాళ్లకు అది నాజీల మీద గెలుపు. ఎస్టోనియన్లకు ఆక్రమణ. రెండు రాత్రులు అల్లర్లు, ఒక యువకుడి ప్రాణం పోయింది. వెంటనే బ్యాంకులు, పత్రికలు, మంత్రిత్వ శాఖల వెబ్‌సైట్ల మీద వారాల తరబడి సైబర్ దాడులు. మరుసటి ఏడాది నాటో సైబర్ రక్షణ కేంద్రం తాలిన్‌లో పెట్టారు. ఆ తరవాత వచ్చిన ఆలోచన మాత్రం ఎస్టోనియాకు తప్ప ఇంకొకరికి తట్టేది కాదు. 2017లో లక్సెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుని అక్కడ ఒక ‘డేటా రాయబార కార్యాలయం’ పెట్టారు. భూమి పట్టాలు, జనాభా రికార్డులు లాంటి ముఖ్యమైన వాటి నకళ్లు అక్కడి సర్వర్లలో ఉంటాయి. ఆ సర్వర్లకు రాయబార కార్యాలయానికి ఉన్న రక్షణే. నేల మొత్తం పోయినా రాజ్యం నడవాలి. న్యూయార్కులో యాక్సోన్ యాభై ఏళ్లు కాగితాల మీద చేసిన పనిని ఇప్పుడు యంత్రాలకు అప్పజెప్పారు.

స్కైప్‌ను తాలిన్‌లో రాసింది ఎస్టోనియా ప్రోగ్రామర్లే. దాంతో వచ్చిన డబ్బు, అనుభవమే టాక్సీ యాప్ బోల్ట్, విదేశాలకు డబ్బు పంపే వైజ్ లాంటి తరవాతి కంపెనీల వాతావరణాన్ని తయారుచేశాయి. 2025 మేలో స్కైప్ మూతపడింది.

పాట, పొలిమేర

గుర్తుపెట్టుకోమన్న పాట సంగతి ఇదీ. సోవియట్ కాలంలో గానోత్సవాలు ఆగలేదు. లెనిన్ బొమ్మ కింద, పార్టీ పాటల మధ్య అయిదేళ్లకోసారి జరిగేవి. 19వ శతాబ్దపు కవయిత్రి లిదియా కొయ్దులా రాసిన ‘నా మాతృభూమే నా ప్రేమ’ అన్న కవితకు గుస్తావ్ ఎర్నెసాక్స్ కొత్త బాణీ కట్టాడు. 1947లో పాడారు, తరవాత కార్యక్రమంలోంచి తీసేశారు. 1960లో జాబితాలో లేకపోయినా జనం పాడేశారు. వేదిక మీద వేల గొంతులు, ఎదురుగా ఇంకెన్నో వేల గొంతులు. ఎవర్ని పట్టుకెళ్తారు? 1988 వేసవి రాత్రుల్లో తాలిన్‌లోని ఆ గానోత్సవ మైదానంలో నిషేధించిన జెండాలతో పాడుతూ కూర్చున్న జనాన్ని చూసే ‘పాడే విప్లవం’ అన్న పేరు పుట్టింది. 1989 ఆగస్టు 23న, ఆ రహస్య ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన రోజున, తాలిన్ నుంచి లాట్వియా రాజధాని రీగా మీదుగా లిథువేనియా రాజధాని విల్నియస్ దాకా సుమారు ఇరవై లక్షల మంది చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఈ గానోత్సవాలు ఇప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి.

బృందగానం అందరినీ కలుపుతుందా అంటే, ఎస్టోనియన్ వచ్చినవాళ్లను కలుపుతుంది. నార్వా పిల్లలు ఆ మైదానంలో ఎంతమంది కనిపిస్తారన్నది వచ్చే పదేళ్ల ప్రశ్న.

ఆగ్నేయ మూలలో సెతో అనే చిన్న సమూహం ఉంది. ఎస్టోనియన్‌కు దగ్గరి భాషే మాట్లాడతారు, మతం ఆర్థడాక్స్, ఆడవాళ్లు గుండ్రంగా నిలబడి పాడే ‘లేలో’ పాటలకు పేరు. తార్తు ఒప్పందం ప్రకారం వాళ్ల నేలంతా, పెత్సెరి పట్టణంతో సహా, ఎస్టోనియాది. నార్వాకు ఎదురుగా ఉన్న ఇవాన్‌గొరొద్ కూడా అప్పట్లో ఎస్టోనియాదే. రెండో ప్రపంచ యుద్ధం ఆఖర్న మాస్కో ఈ ముక్కలను రష్యా ప్రాంతాల్లో కలిపేసింది. సెతోలకు పవిత్రమైన మఠం, తాతముత్తాతల సమాధులు ఇప్పుడు అవతల ఉన్నాయి.

ఆ నేల తిరిగి కావాలని ఎస్టోనియా ప్రభుత్వం అడగడం లేదు. 2005 మేలో ఉన్న గీతనే హద్దుగా ఒప్పుకుంటూ మాస్కోలో సంతకాలు చేసింది. ఆమోదించేటప్పుడు తాలిన్ పార్లమెంటు తన చట్టం పీఠికలో తార్తు శాంతి ఒప్పందం పేరు ఎత్తింది. ఆ పేరు ఒప్పుకుంటే 1940లో జరిగింది ఆక్రమణ అని ఒప్పుకున్నట్టే. రష్యా తన సంతకం వెనక్కి తీసుకుంది. 2014 ఫిబ్రవరిలో ఆ పేరు లేకుండా కొత్త ముసాయిదా మీద మళ్లీ సంతకాలు పడ్డాయి. నెల తిరక్కుండానే క్రిమియా గొడవ వచ్చింది. ఆ కాగితాన్ని ఇంతవరకూ ఏ పక్షమూ ఆమోదించలేదు.